బాకీ పేరుతో మనిషిని కట్టేయొద్దు: స్వామి అగ్నివేశ్ జీవితం మనకు చెప్పేది

(ఆలంపూర్‌లో జరిగిన రైతులు, కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం ఒక సన్యాసి గురించి మాట్లాడుకుందాం. కాలువ నీళ్లు, పత్తి ధర, విత్తనాల బాకీలు ఇన్ని ఉండగా రైతు సంఘం సభలో సన్యాసి ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. ఆలంపూర్‌లో మనకు గుళ్లకు కొదవ లేదు, స్వాములకూ కొదవ లేదు. కానీ ఈ స్వామి గుడి కట్టించలేదు, తాయెత్తులు పంచలేదు. కాషాయం కట్టుకుని రాతి గనుల్లోకి పోయారు. అక్కడ బాకీ కింద బందీలైన కూలీలను బయటికి తెచ్చారు. ఆయన పేరు స్వామి అగ్నివేశ్. పాలమూరు కూలీల బిడ్డలమైన మనకు ఆయన కథ పరాయి కథ కాదు.

ఉత్తరాది సాధువని చాలామంది అనుకుంటారు. ఆయన పుట్టింది మన తెలుగు నేల మీదే. 1939 సెప్టెంబర్ 21న శ్రీకాకుళంలో పుట్టారు. అసలు పేరు వేపా శ్యామ్‌రావు. చిన్నతనంలోనే తండ్రి పోతే, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న శక్తి సంస్థానంలో దివానుగా పనిచేసిన తాత దగ్గర పెరిగారు. కలకత్తాలో కామర్స్, లా చదివారు. అక్కడి సెయింట్ జేవియర్స్ కాలేజీలో పాఠాలు చెప్పారు, కొంతకాలం వకీలుగా చేశారు. సుఖంగా బతకడానికి ఆయనకు అన్నీ ఉన్నాయి. అవన్నీ వదిలి 1968లో హర్యానా పోయారు. 1970లో ఆర్యసమాజ పద్ధతిలో సన్యాసం తీసుకున్నారు.

ఆర్యసమాజం పేరు మన పెద్దలకు కొత్త కాదు. 1938-39లో నిజాం రాజ్యంలో ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహంలో ఎందరో జైళ్లకు పోయారు. దాన్ని స్థాపించిన దయానంద సరస్వతి పుట్టుకతో వచ్చే కుల ఆధిక్యాన్ని ఒప్పుకోలేదు. ఆడపిల్లల చదువు కావాలన్నారు. అగ్నివేశ్ ఆ దారిలోనే ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రతి మనిషిలో దేవుడున్నాడని నమ్మేవాడు, ఆ మనిషిని అప్పు కింద కట్టేస్తుంటే చూస్తూ ఊరుకోకూడదన్నది ఆయన పట్టు. దానికి వైదిక సామ్యవాదం అని పేరు పెట్టారు. పేరు ఏదైనా గానీ, మన భాషలో చెప్పుకుంటే భక్తి గుడి గడప దాటి కూలోళ్ల గుడిసె దాకా రావాలి.

సన్యాసం తీసుకున్నాక కూడా ఆయన రాజకీయాలు వదల్లేదు. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. 1977లో హర్యానా శాసనసభకు గెలిచారు, తర్వాత విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఫరీదాబాద్‌లో కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే, మంత్రిగా ఉండి కూడా విచారణ కావాలని సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. మంత్రి పదవి పోయింది. కుర్చీ కోసం మాట మార్చుకునే నాయకులను రోజూ చూస్తున్న మనం ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు.

1981లో ఆయన బంధువా ముక్తి మోర్చా అనే సంస్థ పెట్టారు. వెట్టి కూలీల విముక్తి సంఘమన్న మాట. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్న కైలాష్ సత్యార్థి కూడా తొలిరోజుల్లో అందులో పనిచేసినవారే. ఢిల్లీ పక్కనే, దేశ రాజధానికి కూతవేటు దూరంలో, ఫరీదాబాద్ రాతి గనులున్నాయి. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ నుంచి వలస వచ్చిన కూలీలు అక్కడ రాళ్లు కొట్టేవాళ్లు. నిలబడితే తల తగిలే రాతి గుడిసెలు. తాగడానికి మురికి నీళ్లు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. దెబ్బ తగిలితే పరిహారం లేదు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు.

మోర్చా వాళ్లు గనులన్నీ తిరిగి చూసి, 1982 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. నిజం తెలుసుకోవడానికి వకీళ్లను కమిషనర్లుగా గనుల్లోకి పంపింది. హర్యానా ప్రభుత్వం ఏమని వాదించిందో వినండి. వీళ్ల చేత బలవంతంగా పని చేయిస్తున్నారనుకున్నా, అడ్వాన్సు తీసుకున్నట్టు రుజువు లేదు గనుక వీళ్లు వెట్టి కూలీలు కారన్నది. కాగితం యజమాని పెట్టెలో ఉంటుంది, రుజువు మాత్రం కూలి చూపించాలి! 1983 డిసెంబర్ 16న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. మనిషి చేత బలవంతంగా పని చేయిస్తున్నట్టు తేలితే, వెనక అడ్వాన్సో అప్పో ఉందని కోర్టే అనుకుంటుంది, కాదని చూపించే భారం యజమానిదీ ప్రభుత్వానిదీ అని తీర్పు చెప్పింది. మంచినీళ్లు, దుమ్ము తగ్గించే ఏర్పాట్లు, వైద్యం వంటి వాటి మీద 21 ఆదేశాలిచ్చింది. చదువురాని కూలి తరఫున ఒక ఉత్తరం రాసినా కోర్టు తలుపు తెరుచుకుంటుందని దేశానికి తెలిసిన కేసుల్లో ఇదొకటి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. దానికి ముందు 1975 అక్టోబర్‌లోనే ఆర్డినెన్సు తెచ్చారు. వెట్టి అంటే ఏమిటో చెప్పేచోట దేశంలో దానికున్న పేర్లన్నీ ఆ చట్టం వరసగా రాసింది. అందులో భగేలా ఉంది, జీతం ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. ఇవి మన తాతల నోట విన్న మాటలే. ఢిల్లీలో రాసిన చట్టంలో మన ఊరి బాధకు పేరు దొరికింది.

కానీ పేర్లు పోయినా పద్ధతి పోలేదు. జీతగాడు పోయాడు, గుంపు మేస్త్రీ వచ్చాడు. నాగలి పోయింది, తట్టా పారా వచ్చాయి. ఆనకట్టలైనా, కాలువలైనా, రోడ్లైనా, మేడలైనా దేశంలో పాలమూరు లేబర్ చెయ్యి పడని చోటు తక్కువ. ఎవరికో నీళ్లు పారించే కాలువలు తవ్వినోళ్ల సొంత చేనుకు నీళ్లు రాలేదు. ఆర్డీఎస్ కింద మనకు 87,500 ఎకరాల ఆయకట్టు అని కాగితాల్లో ఉంది. చివరి భూములకు నీళ్లు అందక ఎన్ని ఏండ్లు పోరాడామో ఇక్కడ కూర్చున్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చేను ఎండితే అప్పు, అప్పు ఉంటే అడ్వాన్సు, అడ్వాన్సు తీసుకుంటే వలస. నీళ్ల పోరాటం, వెట్టి పోరాటం రెండూ ఒకటే అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆలుమగలు ఇద్దరూ 60,000 అడ్వాన్సు తీసుకుని ఆరు నెలలు పోయారనుకుందాం. 180 రోజులు, ఇద్దరివి కలిపి 360 పని దినాలు. మనిషికి రోజుకు 167 రూపాయలు కూడా పడవు. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2024-25లోనే రోజుకు 300. ఆ లెక్కన కట్టినా 360 దినాలకు 1,08,000 రావాలి. అంటే ఆ యజమానే ఈ ఆలుమగలకు ఇంకా 48,000 బాకీ. కానీ ఆరు నెలల తర్వాత మేస్త్రీ ఏమంటాడు? తిండి ఖర్చులు, దవాఖానా ఖర్చులు, నాగాలు అన్నీ కోసి, మీరే ఇంకా బాకీ ఉన్నారంటాడు. లెక్క చూడకుండా తలూపినంత కాలం బాకీ తీరదు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1985 సవరణతో కాంట్రాక్టు కూలీలను, వేరే రాష్ట్రం పోయిన వలస కూలీలను కూడా వెట్టి చట్టం కిందికి తెచ్చారు.

రైతులుగా మనం ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఆ చట్టంలో వెట్టికి నాలుగు గుర్తులున్నాయి. అడ్వాన్సుకు బదులుగా కూలి లేకుండానో నామమాత్రపు కూలికో పని చేయడం ఒకటి. వేరేచోట పని చేసుకునే హక్కు పోవడం రెండు. ఇష్టమైన చోటికి పోయే హక్కు పోవడం మూడు. నాలుగోది వినండి: తన కష్టంతో పండిన సరుకును బజారు ధరకు అమ్ముకునే హక్కు పోవడం. మన నడిగడ్డలో పత్తి విత్తనాలు పండించే రైతుకు ఈ నాలుగో మాట వింటే గుండె కలుక్కుమనదా? కంపెనీ ఆర్గనైజర్‌కు ఇస్తుంది, ఆర్గనైజర్ రైతుకు వడ్డీకి ఇస్తాడు, పండిన విత్తనం ఆయనకే ఇవ్వాలి, పరీక్షలో పోయిందంటే రైతే నష్టపోవాలి. కోర్టు దీన్ని ఏమంటుందో కోర్టే తేల్చాలి. కానీ ముడి ఎక్కడుందో మనకు కనిపిస్తూనే ఉంది.

ఆ ముడి రైతు దగ్గర ఆగదు. సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున పుప్పొడి అద్దే పనికి చిన్న చేతులు కావాలంటారు. బడికి పోవాల్సిన ఆడపిల్లలు చేలోకి వస్తారు. వాళ్ల తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు. పైన కంపెనీ, నడుమ ఆర్గనైజర్, కింద రైతు, రైతు కింద కూలి పిల్ల. పైవాడు బిగించిన తాడును కిందివాడి మెడకు జరపడం రైతుకు న్యాయం కాదు. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడాన్ని చట్టం ఒప్పదు. పెద్ద కూలీలకు సరైన కూలి ఇవ్వాలంటే విత్తనం ధర పెరగాలి. ఆ ధర కంపెనీల దగ్గర అడగాలి, పిల్లల బాల్యం నుంచి మిగుల్చుకోకూడదు. అందుకే కూలి పోరాటాన్నీ ధర పోరాటాన్నీ మనం విడదీయలేం.

అగ్నివేశ్ పని గనుల దగ్గరే ఆగలేదు. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ అనే అమ్మాయి భర్త చితిలో కాలిపోతే, దాన్ని సతి అని పొగిడినవాళ్లను ఎదిరిస్తూ ఢిల్లీ నుంచి పాదయాత్ర చేశారు. సతి శాస్త్రమా కాదా తేల్చుకుందాం రమ్మని పూరీ శంకరాచార్యనే వాదానికి పిలిచారు. నాథద్వారా గుడిలోకి దళితుల ప్రవేశం కోసం నడిచారు. వెట్టి బాధితుల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన నిధికి అధ్యక్షుడిగా పనిచేశారు. 2004లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు అందుకున్నారు.

ఆయన మాటలన్నీ మనం ఒప్పుకోవాలని లేదు. ఆర్యసమాజంలోనే ఆయనతో విభేదించినవాళ్లున్నారు. అమరనాథ్ విషయంలో ఆయన అన్న మాట ఎందరో భక్తుల మనసు నొప్పించింది, కోర్టుదాకా పోయింది. విభేదం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. 2018 జూలైలో జార్ఖండ్‌లోని పాకుర్‌లో ఒక గుంపు ఆయన్ని కింద పడేసి కొట్టింది. అప్పటికి ఆయన వయసు 78. రెండేళ్ల తర్వాత, 2020 సెప్టెంబర్ 11న ఢిల్లీలో కన్నుమూశారు.

దండ వేసి దండం పెడితే ఆయన రుణం తీరదు. మన ఊళ్లలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ప్రతి ఊరిలో సంఘం ఒక వలస పుస్తకం పెట్టాలి. ఎవరు పోతున్నారు, ఏ మేస్త్రీతో, ఎక్కడికి, ఎంత అడ్వాన్సు, రోజు కూలి ఎంత, అన్నీ బస్సు ఎక్కకముందే రాయాలి. రేపు ఫోన్ వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

రెండోది, చట్టం ప్రకారం జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలుండాలి. అవి ఎప్పుడు కూర్చున్నాయి, ఏం చేశాయని కలెక్టర్‌కు, ఆర్డీవోకు రాసి అడగాలి. ఒక ఉత్తరం విలువ ఎంతో ఫరీదాబాద్ కేసు చూపింది.

మూడోది, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు విడుదల పత్రం ఇప్పించాలి. వెట్టి అప్పు తీర్చే బాధ్యత కూలికి లేదని చట్టమే చెప్తుంది. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సింది ఇచ్చినవాడే. ప్రభుత్వ పథకం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షలు పునరావాసం ఉంది. పత్రం లేకపోతే ఇవేవీ రావు.

నాలుగోది, విత్తనం పంట సాగు మొదలయ్యే ముందే రైతులు, కూలీలు ఒకచోట కూర్చోవాలి. కూలి ఎంతో, గంటలెన్నో మాట్లాడుకుని, ఆ ఖర్చు కలిపి కంపెనీలను ధర అడగాలి. పిల్లల్ని బడికి పంపాలి.

మన ఊరి గుళ్లు కట్టించిన చాళుక్య రాజుల పేర్లు మన పిల్లలు బళ్లో చదువుతారు. ఆ రాళ్లు మోసినోళ్ల పేర్లు మనకు తెలియవు. ఇప్పుడు రాళ్లు మోస్తున్నోళ్ల పేర్లయినా మన పుస్తకంలో ఉండాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి కమిటీ ఆ పుస్తకం పట్టుకుని రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.