హోస్టింగ్ మార్చేముందు, థీమ్ ఎంచుకునేముందు: నా సైట్ పోయాక నేర్చుకున్నవి

ఉప్పాడ నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఆ హోరు సముద్రానిదండి, మైకు పాడవలేదు. ఈరోజు రెండు విషయాలు చెప్పుకుందాం. ఒకటి, సైట్‌ని ఒక హోస్టింగ్ నుంచి ఇంకో హోస్టింగ్‌కి ఎలా మార్చాలి. రెండు, తెలుగు బ్లాగుకి థీమ్ ఎలా చూసుకోవాలి.

ముందు నాకేం జరిగిందో చెప్తాను. 2019లో నేనొక బ్లాగు మొదలుపెట్టాను. మా ఊరి జాందానీ నేత గురించి, సముద్రం కోసేసిన పాత వీధుల గురించి రాసేవాణ్ణి. ఒక పెద్దాయన తన దగ్గరున్న పాత ఫోటో ఇచ్చారు. అందులో ఉన్న వీధి ఇప్పుడు లేదు, సముద్రంలో కలిసిపోయింది. ఆ ఫోటోని నా ఫోన్‌తో తీసి బ్లాగులో పెట్టి, అసలుది ఆయనకి తిరిగిచ్చేశాను. తర్వాత ఫోన్ మార్చాను. పాత ఫోన్‌లో ఫోటోలు తీసి దాచుకోలేదు. బ్లాగులో ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ సైట్ నాకు చేసిపెట్టింది తెలిసిన కుర్రాడే. డొమైన్, హోస్టింగ్ రెండూ తన మెయిల్ ఐడీతోనే కొన్నాడు. మొదటి ఏడాది చవగ్గా వచ్చింది. రెన్యువల్ మాత్రం దాదాపు మూడు రెట్లు. ఆ బిల్లు, గుర్తు చేసే మెయిళ్ళు అన్నీ అతనికే వెళ్ళాయి. అతను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాడు, నంబరు మార్చేశాడు. ఒకరోజు పొద్దున్నే చూస్తే సైట్ లేదు. అతన్ని వెతికి పట్టుకునేసరికి డొమైన్ దక్కింది గానీ, సర్వర్‌లో ఫైళ్ళు అప్పటికే తీసేశారు. 41 పోస్టులు, వాటి ఫోటోలు, మొత్తం పోయాయి.

సరిగ్గా ఆ టైములోనే పెద్దాయన వచ్చారు. తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి ఆయన ఫోటోల పెట్టె నానిపోయిందట. "నీ దగ్గరుంది కదా బాబూ, ఒక కాపీ తీసివ్వు" అన్నారు. ఏం చెప్పాలో నాకు తెలియలేదండి.

తుఫాను వెళ్ళాక మా తీరంలో జనం ఇసుక జల్లెడ పడతారు, బంగారు రజను దొరుకుతుందేమోనని. వార్తల్లో చూసే ఉంటారు. నేనూ అదే పని చేశాను, ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో. 2001 నుంచి ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచిన సేవ అది. అందులో పాత వెబ్ పేజీల కాపీలు ఉంటాయి. మన సైట్ అడ్రస్ కొడితే, వాళ్ళు దాచిన రోజుల్లో పేజీ ఎలా ఉండేదో చూపిస్తుంది. అన్నీ ఉండవు. నాకు 23 పోస్టులు దొరికాయి. ఫోటోలు చాలావరకు ఖాళీ డబ్బాలే. ఆ వీధి ఫోటో ఏమైందో చివర్లో చెప్తాను.

ఇక అసలు విషయానికి వద్దాం. హోస్టింగ్ అద్దె ఇల్లు లాంటిది. డొమైన్ మన అడ్రస్. ఇల్లు మారొచ్చు, అడ్రస్ మాత్రం మన పేరు మీదే ఉండాలి. అందుకే డొమైన్ మీ సొంత మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో కొనండి. వీలైతే హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా విడిగా కొనండి. అప్పుడు ఒకరితో పేచీ వచ్చినా రెండోది చిక్కుకుపోదు. ధర చూసేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. చిన్న అక్షరాల్లో కిందెక్కడో ఉంటుంది.

ఇప్పుడు మార్చే పద్ధతి. మొదటి రూలు, పాత హోస్టింగ్‌ని ముందే క్యాన్సిల్ చేయకండి. కొత్త ఇంట్లో స్టవ్ వెలిగాకే పాత ఇంటి తాళం ఇవ్వాలి. కనీసం రెండు వారాలు రెండూ ఉంచండి.

బ్యాకప్ అంటే రెండు ముక్కలు. మీరు రాసిన అక్షరాలు డేటాబేస్‌లో ఉంటాయి. ఫోటోలు, థీమ్ ఫైళ్ళలో ఉంటాయి. రెండూ కావాలి. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక ఫైల్ వస్తుంది, అదే బ్యాకప్ అనుకుంటారు చాలామంది. అందులో రాతలు ఉంటాయి, ఫోటోలు ఉండవు. ఫోటోలకి లింకులు మాత్రమే ఉంటాయి. పాత సర్వర్ మూసేస్తే ఆ లింకులు ఎందుకూ పనికిరావు. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ పెడితే రెండు ముక్కలూ మీ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్తాయి. ఫోన్ నుంచే చేసుకోవచ్చు. బ్లాగర్ వాడేవాళ్ళు గూగుల్ టేకౌట్‌లోంచి తీసుకోండి.

కొత్త చోట సైట్ పెట్టాక వెంటనే అడ్రస్ మార్చేయకండి. చాలామంది హోస్టులు తాత్కాలిక లింకు ఇస్తారు, అందులో ఓపెన్ చేసి చూడండి. మనలాంటి తెలుగువాళ్ళు ముందు చూడాల్సింది అక్షరాలు. పాత డేటాబేస్ లాటిన్1 అనే పద్ధతిలో ఉంటే, మార్చేటప్పుడు తెలుగు చెడిపోయే ప్రమాదం ఉంది. తెలుగు స్థానంలో విచిత్రమైన ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే కంగారు పడొద్దు, చాలాసార్లు సరిచేయొచ్చు. వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం ఆ కాపీలో అక్షరాలు నిజంగానే పోయినట్టు. పాత సర్వర్ ఇంకా ఉంటేనే మళ్ళీ తెచ్చుకోగలం. క్యాన్సిల్ చేయొద్దని మొత్తుకుంటున్నది ఇందుకే. కొత్త డేటాబేస్‌కి యూటీఎఫ్8ఎంబీ4 అని ఎంచుకోండి.

అంతా బావుంటే అప్పుడు డొమైన్ సెట్టింగుల్లో కొత్త సర్వర్ వివరాలు పెట్టాలి. దానికి ఒకరోజు ముందు అక్కడే టీటీఎల్ అనే అంకె ఉంటుంది, చూడండి. పాత అడ్రస్‌ని ఇంటర్నెట్ ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె అది. 86400 అని ఉంటే ఒక రోజు. దాన్ని 300కి తగ్గిస్తే ఐదు నిమిషాలు. ముందే తగ్గిస్తే మార్పు తొందరగా అందరికీ అందుతుంది. నేమ్‌సర్వర్లే మారిస్తే మాత్రం ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ రెండు రోజులూ కొత్త పోస్టు రాయకండి, పాత ఇంట్లో ఉండిపోతుంది. డొమైన్ పేరుతో మెయిల్ ఉంటే దాని ఎంఎక్స్ రికార్డులు కూడా రాసి పెట్టుకోండి, లేకపోతే మెయిళ్ళు ఆగిపోతాయి. తాళం గుర్తు కోసం డబ్బు కట్టక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే.

ఇంకొక్కటి. పోస్టుల లింకులు మారకూడదు. మారితే ఇన్నాళ్ళూ వాట్సాప్‌లో పంచుకున్నవన్నీ "పేజీ లేదు" అంటాయి. తెలుగులో లింకు పెడితే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో ఆ గడి 200 క్యారెక్టర్లే, అంటే 22 గుర్తులు దాటితే లింకు మధ్యలో తెగిపోతుంది. కొత్త పోస్టులకి లింకు చిన్నగా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

ఇప్పుడు థీమ్. జాందానీ చీర సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర కొనడానికి వచ్చినవాళ్ళు ముందు వెనక్కి తిప్పి చూస్తారు. బుటా రెండు వైపులా ఒకేలా ఉండాలి. థీమ్‌ని కూడా అలాగే తిప్పి చూడాలండి. డెమో పేజీ అంటే చీర ముందు వైపు. పెద్ద స్క్రీను, ఇంగ్లీషు అక్షరాలు, అందమైన ఫోటోలు. మన బ్లాగు చదివేవాళ్ళ చేతిలో ఉండేది చిన్న ఫోను, తెలుగు అక్షరాలు.

నేను చేసే పరీక్షలు చెప్తాను. మొదటిది, హెడ్డింగులో "రాష్ట్ర స్త్రీ శక్తి" అని రాయండి, రెండు లైన్లు వచ్చేలా. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో లైన్ల మధ్య చోటు తక్కువ. పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడతాయి, లేదా సగం తెగిపోతాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచుకునే వీలు ఉన్న థీమే తీసుకోండి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగు ఉంటే సున్నా చేసేయండి.

రెండోది ఫాంటు. మండలి, నోటో శాన్స్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. కానీ తెలుగులో ఒత్తులు, గుణింతాలు కలిపితే వందల ఆకారాలు, కాబట్టి ఫాంటు ఫైలు బరువు. నన్నడిగితే వ్యాసానికి ఫోన్లో ఉన్న తెలుగు ఫాంటునే వదిలేయండి. కావాలంటే హెడ్డింగుకి ఒక్కటి పెట్టుకోండి.

మూడోది ఎండ. మిట్టమధ్యాహ్నం ఫోన్ పట్టుకుని మా బీచ్ రోడ్డు మీద నిలబడతాను. లేత బూడిద రంగు అక్షరాలు అస్సలు కనిపించవు. తెల్లటి మీద నల్లటి అక్షరాలు, 18 పిక్సెళ్ళ సైజు, ఇంతకు మించిన డిజైన్ అక్కర్లేదు. స్లైడర్లు, పాపప్‌లు తీసేయండి. ఫోటోల్ని వెబ్‌పీ చేసి పెట్టండి.

నాలుగోది, ఆ థీమ్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. ఏళ్ళ తరబడి ముట్టుకోనిది వద్దు. డబ్బు కట్టాల్సిన థీమ్ ఎక్కడో ఫ్రీగా దొరికిందని వేసుకోకండి, అందులో దొంగ కోడ్ ఉండొచ్చు. ఏదీ తేలకపోతే వర్డ్‌ప్రెస్‌తోపాటు వచ్చే ట్వంటీ ట్వంటీ-ఫైవ్ చాలు.

థీమ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు ఫ్రెండ్స్, రాతలు ఎక్కడికీ పోవు. పోయేది బ్యాకప్ లేనప్పుడే.

ఆ ఫోటో సంగతి. పెద్ద ఫోటో దొరకలేదు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను చేసుకునే థంబ్‌నెయిల్ ఒకటి దొరికింది, 150కి 150 పిక్సెళ్ళు. అది ఫోటోని చదరంగా కత్తిరిస్తుంది, అంచులు పోతాయి. వీధి వచ్చింది, కొబ్బరిచెట్టు వచ్చింది. ఆయన ఇల్లు ఎడమ అంచున ఉండేది, అది రాలేదు. అదే ప్రింట్ తీయించి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, ఫోటో పక్కన బల్ల మీద వేలు పెట్టి, "మా ఇల్లు ఇదిగో ఇక్కడ" అన్నారు.

అందుకని ఇప్పుడు ఈ వీడియో ఆపగానే మూడు చూడండి. మీ డొమైన్ ఎవరి మెయిల్ మీద ఉంది? రెన్యువల్ ఎప్పుడు? మీ ఫోటోలు సర్వర్‌లో కాకుండా ఇంకెక్కడ ఉన్నాయి? మూడోదానికి జవాబు లేకపోతే ఈ రాత్రే బ్యాకప్ తీయండి. ఉంటానండి, మళ్ళీ కలుద్దాం.