తోలు జబ్బు తోలు దగ్గరే ఆగదు

(మాదాపూర్‌లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ కార్మికుల సమావేశంలో ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగం)



ముందు నా చేతులు చూడండి. మోచేతుల మీద ఈ పొలుసులు పన్నెండేళ్ళ నుంచీ ఉన్నాయి. దీన్ని సోరియాసిస్ అంటారు. నేను ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తున్నప్పుడు సూపర్‌వైజరు ఈ చేతులు చూసి నన్ను పాంట్రీ నుంచి తీసేసి బేస్‌మెంటుకి పంపాడు. నా గ్లాసు వేరే పెట్టించాడు. వేరే గ్లాసంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? మా తాత ఊరి హోటల్లో చూసిందే నేను అద్దాల మేడలో చూశాను.

ఇది అంటుజబ్బు కాదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే మంచమ్మీద పడుకున్నా రాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో దేశాలన్నీ తీర్మానం చేసి మరీ ఈ మాట ఒప్పుకున్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. అది గుండె సంగతి.

మన వొంట్లో రోగాలతో పోరాడే కాపలా బలగం ఒకటుంది. సోరియాసిస్‌లో అది దారి తప్పి సొంత వొంటి మీదే పడుతుంది. అందుకే పొలుసులు లేస్తాయి. పైకి కనిపించేది అంతే. లోపల మాత్రం ఊకకుప్పలో నిప్పులాగా వాపు రగులుతూనే ఉంటుంది. అది రక్తనాళాల లోపలి గోడల్ని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న చోట కొవ్వు పేరుకుని దారి సన్నబడుతుంది. ఆ కొవ్వు పగిలి, మీద నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుంటే గుండెపోటు. మెదడుకి పోయే దారి మూసుకుంటే పక్షవాతం.

బ్రిటన్‌లో లక్షా 30 వేల మంది సోరియాసిస్ రోగుల రికార్డులు చూసి 2006లో ఒక అధ్యయనం వేశారు. బీపీ, షుగర్, సిగరెట్ల లెక్క తీసేసి చూసినా, జబ్బు ముదిరిన 30 ఏళ్ళ మనిషికి గుండెపోటు ముప్పు మూడు రెట్లు ఉంది. ఆ వయసులో గుండెపోటు మామూలుగా అరుదు కాబట్టి బెదిరిపోకండి. ఏమరుపాటుగా మాత్రం ఉండకండి.

ఇంకో మాట. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లతోలువి. అక్కడ మచ్చలు ఎర్రగా ఉంటాయి. మన నల్లటి వొంటి మీద ఊదాగానో, ముదురు గోధుమరంగులోనో కనపడతాయి. తామర అనుకుని ఏళ్ళకేళ్ళు మందుల షాపు ట్యూబులు రాస్తాం. అంతవరకూ లోపలి నిప్పు ఆగుతుందా?

ఈ హైటెక్ సిటీలో 345 మంది కాదు, మొత్తం హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో 345 మందిని పరీక్షిస్తే వందకి 84 మందికి కాలేయంలో కొవ్వు ఉందని 2025లో ఒక అధ్యయనం చెప్పింది. సోరియాసిస్, కాలేయంలో కొవ్వు, షుగర్, బీపీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. అది కుర్చీల్లో కూర్చునే వాళ్ళ సంగతి. ఆ కుర్చీలు తుడిచే వాళ్ళకి, గేటు దగ్గర రాత్రంతా నిలబడే వాళ్ళకి పరీక్షలు ఎవరు చేయించాలి?

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఏడాదికోసారైనా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుము కొలత చూపించుకోవాలి. బస్తీ దవాఖానాకి పోండి. డాక్టరుకి "నాకు సోరియాసిస్ ఉంది, గుండె కూడా చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. బీడీ, సిగరెట్ మానాలి. మెథోట్రెక్సేట్ బిళ్ళ రాస్తే అది వారానికి ఒక్క రోజే, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. దాంతోపాటు మందు తాగితే కాలేయం పోతుంది. ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ సూదికి రెండ్రోజుల్లో తగ్గిందని మురిసిపోవద్దు. దాని బలం దిగాక జబ్బు రెట్టింపై తిరగబడుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లటి చెమటలు వస్తే గ్యాసని సోడా తాగుతూ కూచోవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

జీతంలో ఈఎస్ఐ కోత పడుతోందా? పడితే కార్డేదని కాంట్రాక్టరుని అడగండి. ఒక్కరే అడిగితే బేస్‌మెంటుకి పంపుతారు. అందరం కలిసి అడుగుదాం.

నేను పుల్ చేతుల చొక్కా తొడగడం మానేశాను. దాచుకున్నన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి పోలేదు. పోయిన రోజే నాకు బీపీ ఉందని తెలిసింది. మీరు నా అంత ఆలస్యం చెయ్యకండి.

జై భీమ్!