కొత్త ప్రాసెసరు - పాత పాఠం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



రిటైరవబోయే జవాన్లు, వాళ్ళ పిల్లలు నన్ను తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సార్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే కొత్త ప్రాసెసరున్న కంప్యూటరే కొనాలా?" అని. గ్రాట్యుటీ డబ్బులోంచి లక్ష రూపాయలు తీయాలంటే మాటలు కాదు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

నేను సిగ్నల్స్‌లో ఉండగా 8085 కిట్ మీద నేర్చుకున్నాను. 1976లో వచ్చిన ఆ చిప్ వేగం సుమారు 3 మెగాహెర్ట్జ్. ఈనాటి చిప్‌ల గడియారం దానికి వెయ్యి రెట్లు దాటింది. అయినా మొదటి పాఠం మారలేదు. పనిని మెట్లుమెట్లుగా విడదీయడం, షరతు పెట్టడం, మళ్ళీ మళ్ళీ చేయించడం, తప్పెక్కడుందో పట్టుకోవడం. ఇవి పాత కంప్యూటరు మీదా వస్తాయి.

మరి మారిందేమీ లేదా అంటే, ఉంది. ఒకప్పుడు కొత్త చిప్ వస్తే పాత ప్రోగ్రామే దానంతటదే వేగంగా నడిచేది. 2004 నాటికి వేగం 4 గిగాహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి వేడి అడ్డుపడింది. 2005లో మామూలు కంప్యూటర్లలోకి రెండు కోర్ల చిప్‌లు వచ్చాయి. తర్వాత నాలుగు, ఎనిమిది. అంటే పరిగెత్తే ఒక్క జవాను బదులు ఒక సెక్షనే వచ్చిందన్నమాట. సెక్షన్‌కి పని పంచాల్సింది ప్రోగ్రామరే.

పంచడంలోనే ఉంది చిక్కు. క్యాంటీన్ రిజిస్టరులో 100 సబ్బులున్నాయనుకోండి. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి 100 అని చూశారు. చెరొకటి అమ్మి, ఇద్దరూ 99 అని రాశారు. ఉన్నవి 98! ఇద్దరూ నిజాయితీపరులే, లెక్క మాత్రం తప్పు. ఒకరు చూసి రాసేదాకా రెండోవారు ఆగాలి. కోర్ల మధ్యా ఇదే గొడవ.

ఇంకో మాట. పనిలో పదోవంతు పంచడానికి వీల్లేనిదైతే, ఎన్ని కోర్లున్నా పది రెట్లకు మించి వేగం రాదు. 1967లో జీన్ ఆమ్డాల్ చేసిన వాదనలోంచి వచ్చిన లెక్క ఇది.

కనుక నా సలహా ఒకటే. మొదట ఇంట్లో ఉన్న కంప్యూటరుతోనే మొదలుపెట్టండి. చేయి తిరిగాక పని పంచడం నేర్చుకోండి. దానికీ రెండు కోర్ల పాత లాప్‌టాప్ చాలు. కృత్రిమ మేధలాంటి భారీ పనులకు దిగినప్పుడు ఖరీదైన చిప్ సంగతి చూద్దాం. రైఫిల్ ఎంత కొత్తదైనా గురి కుదరాల్సింది మనకే గదా!

సెలవు. జై హింద్.