ముడినూనె విభజనము



పెట్రోలు, కిరసనాయిలు, డీసెలు, తారు ఒక్క బావి నూనెనుండియే వచ్చునని నేను చెప్పగా, మా యూరి పెద్దలొకరు "పాలను చిలికిన వెన్న వచ్చినట్లా?" అని యడిగిరి. మంచి ప్రశ్నయే. కాని దీనికి చిలుకుటతో గాక, అర్కము దించుటతో పోలిక కలదు. వాము అర్కమునకు వైద్యులు పెట్టు యంత్రమును మీలో ననేకులు చూచియుందురు. క్రింద మంట, పైన మూత, ప్రక్కకు గొట్టము. ఆవిరి యెగసి, చల్లబడి, బొట్లుగా దిగును. సారాబట్టీయు నట్టిదే కాని, దాని ప్రసంగము మనకు వలదు.

భూమినుండి వచ్చు ముడినూనె యొక్క ద్రవ్యము కాదు, పెక్కింటి మిశ్రము. అందు చిన్న అణువులు గలవి కొలది వేడిమికే ఆవిరియగును. పెద్దవి గలవి మిక్కిలి వేడి కోరును. ఇచ్చట అగ్ని క్రొత్తగా దేనిని పుట్టింపదు, ఉన్నవానిని వేఱుపఱచును. నేను ముఖ్యముగా చెప్పదలచిన దిదియే.

ముందుగా ఉప్పును నీటిని తొలగించి, నూనెను కొలిమిలోని గొట్టములలో సుమారు 350 డిగ్రీల సెంటిగ్రేడువఱకు కాచి, ఉక్కు గోపురములోనికి వదలుదురు. దేవాలయ గోపురమునకు అంతస్తులున్నట్లు దీనికిని కలవు. ఒక్కొక్క యంతస్తున రంధ్రములు గల పళ్లెముండును. అడుగున వేడి, శిఖరమున చల్లదనము. ఆవిరి పైకి పోవుచు, తనకు తగిన చల్లదనము దొరకినచోట ద్రవమై పళ్లెమున నిలుచును. డీసెలు క్రిందుగా, దానిపైన సుమారు 150 మొదలు 250 డిగ్రీల నడుమ మరుగు కిరసనాయిలు. పెట్రోలునకు మూలమైన తేలికనూనె శిఖరమునుండి ఆవిరిగానే వెడలి, బయట చల్లార్పబడును. నేటి యింజన్లకు దానిని మఱికొంత సంస్కరింపవలయును. అప్పటికిని ద్రవము కానిదానిలో వంటగ్యాసు కలదు. ఇట్టి శాలలు అస్సాములోని డిగ్బాయిలో 1901లోను, మన విశాఖపట్టణమున 1957లోను వెలసినవి.

ఈ హద్దులు చెడిన నేమగును? 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేకు అనునతడు నూనెబావి త్రవ్వించిననాడు లోకమునకు కావలసినది దీపపునూనె. మోటారుబండ్లు లేవు గనుక తేలికనూనె వ్యర్థపదార్థము. లోభులైన వర్తకులు దానిని కిరసనాయిలులో కలిపి యమ్మిరి. దీపములు ప్రేలి యెందఱో మరణించిరి. మన దేశపు ప్రమాణము ననుసరించి కిరసనాయిలు 35 డిగ్రీలకు లోపల మంటనందుకొను నంతటి ఆవిరిని విడువరాదు. పెట్రోలో, నీరు గడ్డకట్టు చలిలోను విడుచును. కావున పెట్రోలు పోసిన డబ్బాలో కిరసనాయిలు పట్టి పొయ్యికి వాడుట ప్రాణాపాయము. కొలదిగా కలిసినప్పుడు వాసనను నమ్ముటకు వీలులేదు.

ఇక గోపురము అడుగున మిగిలిన చిక్కని పాకము. దానిని ఇంకను కాచినచో అణువులు విఱిగి, మాడి, బొగ్గు కట్టును. అందుచే గాలిని లాగివేసిన వేఱొక గోపురమునకు పంపుదురు. ఒత్తిడి తగ్గినప్పుడు ద్రవములు తక్కువ వేడికే మరుగును. ఎత్తైన కొండలపై నీరు త్వరగా మరుగుట యిందులకే. అందు కందెననూనెలకు మూలద్రవ్యము లభించును. అచ్చటను ఆవిరి కాక మిగిలినది తారు. దానినే కంకరతో కలిపి మన బాటలపై పఱచుచున్నారు.