గుమ్మం దగ్గర నిలబడినవారు

(ఆడపిల్లల చదువు ధర్మనిధి తరఫున వాడపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ధర్మనిధి పెట్టిన టీచరమ్మగారు తన పేరు ఈ ఉపన్యాసాల పుస్తకం అట్ట మీద వేయొద్దని, డబ్బు మాత్రం ఆడపిల్లల చదువుకే ఖర్చుపెట్టాలని చెప్పి వెళ్లారు. ఈసారి అఫ్గాన్ ఆడపిల్లల చదువుకు అండగా నిలిచినవారి గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరు "కాబూలెక్కడ, వాడపల్లెక్కడండీ?" అన్నారు. సబబైన ప్రశ్నే. జవాబు కోసం కాబూలు దాకా వెళ్లక్కర్లేదు. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటితే చాలు, ధవళేశ్వరం వస్తుంది.

అక్కడ 1874లో కందుకూరి వీరేశలింగంగారు బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఈ రెండూ మనందరికీ తెలుసు. ఆ పెళ్లినాటికి వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి, వండి వడ్డించారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు వేలకు వేలు సాయం చేశారు. వెలివేస్తామంటూ పీఠాధిపతి శ్రీముఖం వచ్చాక, అంతకుముందు సరేనన్నవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని తప్పుకున్నారు. వాళ్లను తిట్టుకోనక్కర్లేదు. చెల్లెలి పెళ్లి ఆగిపోతుందంటే, తండ్రి తద్దినానికి బ్రాహ్మడు రాడంటే ఎంతమందిమి నిలబడతాం? నిలబడినవారి విలువ అక్కడే తెలుస్తుంది. విగ్రహం ఒకరికే పెడతాం గాని, ఆ బరువు పదిమంది మోశారు. ఆ మిగతా తొమ్మిదిమందిని గౌరవించడం ఎలాగన్నదే ఇవాళ నేను మాట్లాడదలచిన విషయం.

ఇక అఫ్గానిస్తాన్ సంగతి. అది పుట్టుకతోనే చీకటి దేశమని మనలో చాలామంది అనుకుంటారు. తప్పు. 1921లోనే రాణి సొరయా చొరవతో కాబూల్‌లో ఆడపిల్లల బడి తెరిచారు. తాలిబన్ల తొలి పాలనలో, అంటే 1996 నుంచి 2001 దాకా, ఆడపిల్లల బళ్లు మూతపడ్డాయి. 2021 ఆగస్టు 15న వాళ్లు మళ్లీ కాబూల్ పట్టుకున్నారు. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామని చెప్పి, పిల్లలు సంచులు తగిలించుకుని వచ్చాక, కొన్ని గంటలకే వెనక్కి పంపేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా వేసేశారు. 2024 డిసెంబర్‌లో మంత్రసాని, నర్సింగ్ శిక్షణలూ ఆపేశారు. పరాయి మగ డాక్టరు ఆడవాళ్లను చూడటానికే ఆంక్షలున్న చోట, రేపు కాన్పులు ఎవరు చేస్తారో ఆ ఉత్తర్వు ఇచ్చినవారే చెప్పాలి.

తొలి పాలన కాలంలో హెరాత్‌లో నడిచిన ఒక కుట్టుబడి గురించి కాస్త వివరంగా చెబుతాను. దాని పేరు బంగారు సూది. కుట్టుపని ఆడవాళ్లకు అనుమతి ఉన్న పని కాబట్టి బయటికి అది కుట్టుబడే. ఆడపిల్లలు బురఖాలు వేసుకుని సంచులతో వచ్చేవారు. సంచిలో పైన గుడ్డముక్కలు, కత్తెర, దారం. అడుగున నోటు పుస్తకం, కలం. లోపల ముహమ్మద్ అలీ రహ్యాబ్ అనే ఆచార్యుడు సాహిత్యం చెప్పేవారు. బయట చిన్నపిల్లలు ఆడుకుంటూ ఉండేవారు, మతపోలీసులు కనబడితే లోపలికి కబురందించడమే వాళ్ల పని. కబురు రాగానే పుస్తకాలు అడుగుకి, గుడ్డలు ఒళ్లోకి. అక్కడ చదువుకున్న నాదియా అంజుమన్ కవయిత్రిగా పేరు తెచ్చుకుంది. 2005లో, తొలి కవితాసంపుటి వెలువడిన ఏడాదే, భర్త కొట్టిన దెబ్బలకు చనిపోయింది. నాదియా పేరు ప్రపంచానికి తెలుసు. బయట ఆడుకున్న ఆ పిల్లల పేర్లు మనకెవరికీ తెలియవు. నన్నడిగితే ఆ బడికి ప్రాణం పోసింది వాళ్లే.

ఇలాంటివారు ఇంకా ఉన్నారు. అఫ్గాన్ మహిళల హక్కుల కోసం 1977లో సంఘం పెట్టిన మీనా కేశ్వర్ కమాల్‌ను 1987లో క్వెట్టాలో చంపేశారు. సకీనా యాకూబీ 1995లో స్థాపించిన సంస్థ ఇళ్లలో రహస్యంగా బళ్లు నడిపింది. ఇల్లు ఇచ్చినవాళ్లు, పక్కింటి నుంచి చూసి కూడా నోరు విప్పనివాళ్లు, చెల్లెలిని తోడుండి దింపి వచ్చిన అన్నలు లేకపోతే అవి వారం కూడా నడిచేవి కావు. మతీయుల్లా వెసా అనే యువకుడు మోటార్ సైకిల్ మీద పుస్తకాలు కట్టుకుని ఊరూరా తిరిగి, మీ ఆడపిల్లల్ని చదివించండని పెద్దల కాళ్లావేళ్లా పడేవాడు. 2023 మార్చిలో అరెస్టు చేసి, ఏడు నెలలకు వదిలారు. ఇస్మాయిల్ మషాల్ అనే ఆచార్యుడు, నా చెల్లికి లేని చదువు నాకెందుకని టీవీలో తన డిగ్రీ పత్రాలు చింపేశాడు. తర్వాత వీధుల్లో ఉచితంగా పుస్తకాలు పంచుతుంటే పట్టుకెళ్లారు. ఆడవాళ్ల హక్కంటే ఆడవాళ్ల గొడవేనని అనుకునే మగవారు మన సభలోనూ ఉంటే, ఈ ఇద్దరినీ గుర్తు పెట్టుకోండి.

మన దగ్గర ఇలా నిలబడినవారిలో నాకు బాగా ఇష్టమైన ఆవిడ గురించి కూడా చెప్పాలి. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూగారిని ఆపేసిన పద్నాలుగేళ్ల పిల్ల, దుర్గాబాయి. ఈ కథ అందరూ చెబుతారు. అప్పటికే ఆ పిల్ల బాలికా హిందీ పాఠశాల పెట్టి తనకన్నా పెద్దవాళ్లకు చదువు చెబుతోందన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. తర్వాత మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మానేసిన ఆడవాళ్లకు పాఠాలు చెప్పించి బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాయించారు. ఎందుకంటే ఇంట్లో ఎంత చదివినా చేతిలో కాగితం లేకపోతే ఉద్యోగమూ లేదు, పై చదువూ లేదు. ఇవాళ కాబూల్‌లో ఫోనులో దొంగచాటుగా పాఠాలు వింటున్న పిల్లకున్న ఇబ్బంది సరిగ్గా ఇదే. పాఠం దొరుకుతోంది, పరీక్ష దొరకడం లేదు. సానుభూతి సభల కంటే ఆ పరీక్షకు దారి చూపేవారే ఆమెకు ఎక్కువ అవసరం.

మన దేశం పాత్ర గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఏళ్లుగా అఫ్గాన్ విద్యార్థులు చదువుతున్నారు. అది మన గొప్పే. కానీ 2021 ఆగస్టులో దేశం బయట ఉన్న అఫ్గాన్ల పాత వీసాలన్నీ మన ప్రభుత్వం రద్దు చేయడంతో, సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలెందరో తిరిగి రాలేక అక్కడే చిక్కుకుపోయారు. 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి వచ్చిన తాలిబన్ విదేశాంగ మంత్రి పత్రికా సమావేశంలోకి మహిళా విలేకరులను రానివ్వలేదు. గొడవయ్యాక రెండో సమావేశానికి పిలిచారు. గొడవ చేస్తే గుమ్మం తెరుచుకుంటుందని మనకూ తెలిసొచ్చింది.

మరి వీరిని గౌరవించడం ఎలా? మనకు తెలిసిన పద్ధతి శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ. అఫ్గానిస్తాన్‌లో ఇంట్లో బడి నడిపే ఆవిడకు ఫ్లెక్సీ వేస్తే ఆవిడ జైలుకు వెళుతుంది. అక్కడ పేరు దాచడమే మర్యాద. ఈ ఊళ్లోనే 1931 మార్చి 30న, వేంకటేశ్వరస్వామి తీర్థంలో రథం మీద గాంధీగారి పటం పెట్టినందుకు పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు కన్నెర్ర చేస్తే ఊరు ఎంత నష్టపోతుందో వాడపల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నది. కోనసీమలో రిటైరైన లెక్కల మాస్టార్లకు, ఇంగ్లీషు టీచర్లకు కొదవలేదు. కాబూల్ గడియారం మనకన్నా ఒక్క గంటే వెనక. మన రాత్రి ఎనిమిది వాళ్లకు ఏడు. అఫ్గాన్ ఆడపిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే సంస్థలకు వాలంటీర్లు కావాలి. వారానికి రెండు గంటలు ఇవ్వండి. పిల్ల ముఖం చూపించమని అడగొద్దు, స్క్రీన్ ఫొటో తీయొద్దు, వాట్సాప్ స్టేటస్ అసలే పెట్టొద్దు. పాఠం చెప్పలేనివారు హైదరాబాద్‌లోనో విశాఖలోనో చదువుతున్న అఫ్గాన్ అమ్మాయి హాస్టల్ ఫీజులో భాగం పంచుకోండి. అదీ కుదరకపోతే, ఆ ఊళ్లలో ఇల్లు అద్దెకిచ్చే మీ బంధువులు ఎవరైనా ఉంటే, ఆ పిల్లలు గది అడిగినప్పుడు "మీరు ఎవరు, ఎక్కడివాళ్లు" అని గుమ్మంలో నిలబెట్టి పంపేయొద్దని చెప్పండి. పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్నవారు సభ అయ్యాక నిర్వాహకుల దగ్గర పేరు రాయించి వెళ్లండి. ఆ పేర్లు మన పుస్తకంలో అచ్చు వేయం.