మెరిట్ ఎవడబ్బ సొత్తు?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా ఒక మండల కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ కంపెనీల సంగతి బడిపంతుళ్ళకేం తెలుసని కొందరికి అనుమానం రావచ్చు. మాలపల్లె నుంచీ, మాదిగ గూడెం నుంచీ బీటెక్ చదివి వస్తున్న పిల్లలకు అక్షరాలు దిద్దించింది మేమే. ఇంటర్వ్యూలకు పోయి తిరిగొచ్చి వాళ్ళు చెప్పేది వింటున్నదీ మేమే. మా దగ్గర చదివిన ఒక పిల్లవాడు పరీక్ష పాసయ్యాడు, అడిగిన లెక్కలన్నీ చేశాడు. ఆఖర్న పెద్దమనిషి అడిగాడంట: "మీ ఇంటిపేరేంటి? నాన్నగారేం చేస్తుంటారు? ఎంసెట్లో ర్యాంకెంత?" అంతే, ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. ప్రోగ్రాం రాయటానికి ఇంటిపేరుతో ఏం పని?

అడిగితే, మా దగ్గర కులం లేదండీ, ఉన్నదంతా మెరిట్టే అంటారు. అయితే ఆ మెరిట్ గుడికి పునాదిరాయి వేసిందెవరో చూద్దాం రండి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్న చోట ఒకప్పుడు పండ్లతోటలుండేవి. అక్కడికి 1956లో విలియం షాక్లీ అనే శాస్త్రవేత్త కంపెనీ పెట్టడానికి వచ్చాడు. ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు, అదే ఏడు నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఉద్యోగానికొచ్చిన వాళ్ళకు మానసిక పరీక్షలు పెట్టించి తెలివితేటలు కొలిపించేవాడు. అతని పెత్తనం భరించలేక 1957లో ఎనిమిదిమంది బయటికి నడిచి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వాళ్ళలో ఇద్దరు, నాయిస్, మూర్, 1968లో ఇంటెల్ పెట్టారు. వ్యాలీ వంశవృక్షం ఇట్లా మొదలైంది.

మరి ఆ మూలపురుషుడు ఏమయ్యాడు? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యి, నల్లవాళ్ళకు పుట్టుకతోనే తెలివి తక్కువని ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఐక్యూ నూరు కన్నా తక్కువున్న వాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే, తగ్గిన ఒక్కో పాయింటుకు వెయ్యి డాలర్లు ఇద్దామన్నాడు! 1982లో ఇదే ప్రచారంతో సెనేట్ టికెట్ కోసం నిలబడితే అక్కడి ఓటర్లు ఇంటికి పంపారు. మనువు చెప్పిందానికీ ఈయన చెప్పిందానికీ తేడా ఏంది? మనువు పోయిన జన్మ కర్మ అన్నాడు, ఈయన జీన్స్ అన్నాడు. ఆ ఎనిమిదిమందీ ఇట్లాంటి వాళ్ళేనని మేం అనటం లేదు. కాని తెలివి కొందరికి పుట్టుకతోనే వస్తుందనే నమ్మకం ఆ నేలలో మొదటి నుంచీ ఉంది.

ఇంకో కథ చెప్పాలి. ఇది మన గూడేలకు దగ్గర కథ. అదే ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965లో న్యూమెక్సికో రాష్ట్రంలో షిప్‌రాక్ అనే ఊళ్ళో, నవాహో ఆదివాసుల గడ్డ మీద, చిప్పులు తయారుచేసే పని మొదలుపెట్టింది. పనిలోకి తీసుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళనే. 1969లో వేసిన పుస్తకంలో కంపెనీ ఏం చూపించిందో తెలుసా? నవాహో ఆడవాళ్ళు నేసే కంబళి బొమ్మ, దాని సరసన చిప్పు బొమ్మ! నేతపని వాళ్ళ నెత్తుటిలోనే ఉంది, ఆ చేతులు ఈ పనికే పుట్టాయన్నట్టు పొగిడింది. ఈ పొగడ్త మనకు కొత్తా? తోలుపని మీ వాళ్ళు చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరని మన తాతల్ని పొగడలేదా? చేతుల్ని పొగిడేది తలకాయకు తాళం వెయ్యటానికే. 1975 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 140 మందిని తీసేస్తే అమెరికన్ ఇండియన్ ఉద్యమం వాళ్ళు తుపాకులతో ఫ్యాక్టరీలోకి పోయి వారం రోజులు కూర్చున్నారు. కంపెనీ తలుపులేసుకుని వెళ్ళిపోయింది. పని పోయిన ఆడవాళ్ళు ఇంట్లో మిగిలారు.

ఇక మనోళ్ళ దగ్గరికొద్దాం. మనోళ్ళంటే మనోళ్ళూ, మన నెత్తి మీద కూర్చున్నోళ్ళూ. ఇద్దరూ విమానమెక్కారు. ఎక్కేటప్పుడు కులాన్ని ఎవరూ కస్టమ్స్‌లో వదిలి పోలేదు. బాబాసాహెబ్ 1916లో న్యూయార్క్‌లో చదువుకుంటూ కులం పుట్టుక మీద వ్యాసం చదివాడు. సరిగ్గా నూరేళ్ళకు, 2016లో, సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరు, తాను రిజర్వేషన్ సీటులో ఐఐటీలో చదివినట్టు పైఅధికారి తోటివాళ్ళకు చెప్పాడని తెలుసుకున్నాడు. ఫిర్యాదు చేశాక తనను పక్కన పెట్టారన్నాడు. దాని మీద కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2020లో కేసు వేసింది. కంపెనీ ఆరోపణలన్నీ కాదంది. ఇద్దరు అధికారుల మీద పెట్టిన కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం ఉంచింది. కోర్టు సంగతి కోర్టుకే వదిలేద్దాం. కాని ఆ కేసు పడ్డాకే, అదే ఏడు అక్టోబరులో, ముప్పైమంది దళిత మహిళా ఇంజనీర్లు మాక్కూడా ఇట్లాగే జరుగుతోందని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. పేర్లు పెట్టలేదు. వీసా, ఉద్యోగం, ఇల్లు అన్నీ ఒక్క మేనేజరు సంతకం మీద వేలాడుతుంటే ఎట్లా పెడతారు?

2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేస్తే గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. ఉన్న చట్టాలు చాలనే మాట మనం కారంచేడు నాటి నుంచీ వింటూనే ఉన్నాం!

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ దారిన ఎన్ని అద్దాల మేడలు లేచాయో చూస్తున్నాం. భూములు, రాయితీలు ప్రభుత్వానివి, ఉద్యోగాలు మాత్రం ప్రైవేటు, అందుకని రిజర్వేషన్ లేదు. రిజర్వేషన్ అంటే మెరిట్ చచ్చిపోద్దని 1990లో ఒంటికి నిప్పంటించుకున్న కులాలు, 2019లో పది శాతం తమకే వస్తే కిక్కురుమనలేదు, అది వేరే సంగతి. ఆ మేడల్లో కక్కసులు కడిగేది ఎవరు, గేటు దగ్గర నిలబడేది ఎవరు? ఆ పనులకు మెరిట్ పరీక్ష ఏ కంపెనీ పెట్టింది?

మనం అడిగేది పెద్దదేం కాదు. గూగుల్ 2014లో తన ఉద్యోగుల్లో నల్లవాళ్ళెంతమంది, ఆడవాళ్ళెంతమంది లెక్క ప్రింటు చేసింది. ఆపిల్ తన నియమాల్లో కులవివక్ష కూడదని పేరు పెట్టి రాసుకుంది. అక్కడ రాయగలిగిన వాళ్ళు ఇక్కడెందుకు రాయరు? మన రాష్ట్రంలో ప్రభుత్వ భూమి, పన్ను రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీ, మేనేజరు నుంచి స్వీపరు దాకా, కాంట్రాక్టు వాళ్ళతో సహా, కులాలవారీ లెక్క ఏటా బయట పెట్టాలి. ఇంటర్వ్యూలో ఇంటిపేరు, కుటుంబ వృత్తి, రిజర్వేషన్ సీటా కాదా అని అడగటం నేరం కావాలి. ఈ రెండిటితో వినతిపత్రం తయారుచేశాం, కలెక్టరు గారికి ఇస్తాం. ఇంటర్వ్యూలకు పోయొచ్చిన పిల్లలు ఏ తేదీన, ఎవరు, ఏమడిగారో తెల్లకాగితం మీద రాసివ్వండి, పేరు బయటపెట్టం. సంతకాల పుస్తకం ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. వేలిముద్రలు కూడా తీసుకుంటాం.