గ్రంథాలయం గడప తొక్కుదాం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు ఇదే సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన పిల్లలు చదువుకోవడానికి సంఘం తరపున సొంత పఠనాలయం ఒకటి పెట్టాలని, అందుకు ఇంటింటా చందాలు పోగుచేయాలని. మంచి ఆలోచనే. కాని కొందరు పెద్దలు, "ఊళ్లో సర్కారు లైబ్రరీ ఉంది గదా, అది మనకెందుకు పనికిరాదో ముందు చూసి రండి" అన్నారు. ఆ పని మా ముగ్గురికి అప్పగించారు. మేము వీలున్నప్పుడల్లా వెళ్లి అక్కడ కూర్చున్నాము. చూసింది, విన్నది, మాకు తోచింది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందుగా ఒక ఒప్పుకోలు. మేము ముగ్గురమూ ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లమే. ఆ భవనం ముందునుంచే రోజూ చేపల అంగడికి, బస్టాండుకు పోతుంటాము. లోపల అడుగుపెట్టి ఎన్నేళ్లయిందంటే ముగ్గురికీ జ్ఞాపకం రాలేదు. ఇతరులను అడగబోయేముందు మమ్మల్ని మేమే అడుగుకోవలసి వచ్చింది.

లోపల ఏముంది? పొద్దున పూట పేపరు బల్ల చుట్టూ పెన్షనుదార్లు. ఒక మూల ఉద్యోగాల పరీక్షలకు చదువుకొనే కుర్రాళ్లు. సాయంత్రం పాళెం నుంచి వచ్చే మత్స్యకారుల పిల్లలు, రొయ్యల చెరువుల దగ్గర పని ముగించుకొని వచ్చి వాతావరణం వార్త చూసుకొనే ఒకాయన. అందరూ ఉన్నారు. మనవాళ్లు మాత్రం లేరు. లైబ్రేరియన్ అమ్మ సభ్యుల రిజిస్టరు తీసి చూపించింది. మన పేర్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆడపిల్ల పేరు ఒక్కటీ లేదు. ఆమె మమ్మల్ని ఒక మాట అడిగింది: "మీ వీధి పిల్లలు రారేం సార్? ఎండాకాలం శిబిరానికి కూడా ఒక్కరూ రాలేదే" అని. మా దగ్గర జవాబు లేదు.

ఇక డబ్బు సంగతి. ఇంటికి పోయినాక ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. ఏడాదికి 1,000 రూపాయల పన్ను పడే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టే. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1948లో, అక్కడ గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ గారి పట్టుదల ఉంది. 1953లో మనం ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాము. 1960లో ఆంధ్రప్రదేశ్‌కు సొంత చట్టం చేశారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు నడిచేది ఈ పద్ధతిలోనే. అంటే మన అబ్బాజాన్‌లు కట్టారు, మనం కడుతున్నాము. కట్టిన సొమ్ముకు మనకు రావలసింది ఏమిటో మాత్రం అడగడం లేదు. బావికి డబ్బు కట్టి, నీళ్లకు పక్కింటికి పోయినట్టుంది మన వ్యవహారం.

"అక్కడ పేపరు తప్ప ఏముంది లెండి" అని కొందరంటారు. మేమూ అట్లాగే అనుకున్నాము. ఏటా వేసవి సెలవుల్లో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు పెడతారు. కథలు చెప్పించడం, పుస్తకం పైకి చదివించడం, బొమ్మలు వేయించడం, చదరంగం, ఇంగ్లీషు మాట్లాడటం, ఇట్లాంటివన్నీ ఉంటాయి. ఫీజు లేదు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, ఆడవాళ్లకు పోటీలు, కవులకు ఒక రోజు, చివరి రోజు బహుమతులు. పసిపిల్లవాడి నుంచి పండుముసలి దాకా అందరికీ ఏదో ఒకటి ఉంటుంది.

ఈ పద్ధతి సర్కారువారు కొత్తగా కనిపెట్టిందీ కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు, మరికొందరు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. ఆ రోజుల్లో ఊళ్లల్లో గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. చదువురాని రైతులకు పేపరు చదివి వినిపించేవారు, రాత్రి బడులు నడిపేవారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవలో పుస్తకాలు పంపించారు. బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు పడవలు, కట్టెల పడవలు నడిచిన తీరం మనది. పడవలో పుస్తకాలు వచ్చాయంటే మనకు ఆశ్చర్యం అక్కరలేదు. చదివేవాడు రాకపోతే పుస్తకమే వాడి దగ్గరికి పోవాలన్నది ఆ పెద్దల పట్టుదల. 1951లో యునెస్కో సాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ తెరిచినప్పుడూ ఇదే దారి. పిల్లలకు వేరే విభాగం, కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్లకు వేరే పుస్తకాలు, చర్చలు, నాటకాలు పెట్టారు.

ఇప్పుడు ఒక బాధ కలిగించే సంగతి చెప్పాలి. మా వీధిలో ఒక చెల్లెలుంది. పేరు చెప్పము. భర్త పోయిన తర్వాత ఆమెకు ఒక కచేరీ నుంచి కాగితం వచ్చింది. ఫలానా తేదీలోగా ఫలానా పత్రాలు తెచ్చి ఇవ్వమని అందులో ఉంది. కాగితం తెలుగులో ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఎవరినైనా అడగాలంటే మొహమాటం, మగదిక్కు లేదు. కూతురు ఏడో తరగతే గాని, బళ్లో పాఠం చదవడం వేరు, కచేరీ కాగితం చదవడం వేరు. ట్రంకు పెట్టెలో దుప్పట్ల కింద దాచి ఉంచింది. గడువు దాటిన నాలుగు నెలలకు అది మా చేతికి వచ్చింది. తర్వాత ఎంత తిరిగినా లాభం లేకపోయింది. ఆమె మమ్మల్ని ఒక్కమాట అనలేదు. "నా నసీబు భాయీ" అన్నది. నసీబు కాదు. అటు పది ఇళ్లు, ఇటు పది ఇళ్లు మనవాళ్లమే ఉండి, ఒక కాగితం చదివి చెప్పే చోటు ఆమెకు చూపించలేకపోయాము. తప్పు మనది.

అక్షరం ఏం చేయగలదో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే దూబగుంట ఉంది. 1991లో అక్షరాస్యత ఉద్యమంలో అక్కడి ఆడవాళ్లు రాత్రిపూట చదువుకోవడానికి కూడుకున్నారు. సారా వల్ల చెడిన సంసారం గురించి వాచకంలో ఒక పాఠం ఉంది. అది చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు. రోశమ్మ మొదలైనవాళ్లు సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సర్కారు సారాను నిషేధించింది. పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చొని చదువుకుంటే ఇంత దూరం పోతుంది.

ఇక మాకు వినిపించిన అభ్యంతరాలు. మొదటిది, ఉర్దూ పుస్తకాలు లేవని. నిజమే. బీరువా అడుగున కొన్ని పాతవి ఉన్నాయి. "అడిగేవాళ్లు లేరు సార్, అందుకే రాలేదు" అన్నది లైబ్రేరియన్ అమ్మ. 2022లో రాష్ట్రంలో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా ఇచ్చారు. హోదా కాగితం మీద ఉంటుంది, పుస్తకం అడిగినవాడి చేతికి వస్తుంది. యాభైమంది సంతకాలతో ఉర్దూ పేపరు, పిల్లల ఉర్దూ పుస్తకాలు కావాలని అర్జీ పెడదాము. అంతమాత్రాన తెలుగు మనది కాదనుకోవద్దు. పిఠాపురం ఉమర్ ఆలీషా గారు (1885–1945) ముస్లిం ఇంట పుట్టి తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. మన వీధిలో సగం ఇళ్లల్లో కోపం వస్తే వచ్చేది తెలుగే గదా!

రెండవది, ఆడవాళ్లు ఎట్లా పోతారని. ఒక్కరే పోవడానికి సంకోచం ఉంటుంది, కాదనము. నలుగురైదుగురు ఖాలాలు, బాజీలు కలిసి పిల్లలను వెంటబెట్టుకొని పోతే సంకోచం ఎక్కడుంది? డాక్టరు దగ్గరికి, బజారుకు పోతున్నారు గదా. మా ఊరి గ్రంథాలయానికి శుక్రవారం సెలవు గనుక జుమాకూ అడ్డం లేదు. ఆడవాళ్లకు ఒక బల్ల వేరుగా వేయమని అడిగితే సరేనన్నారు.

మూడవది, అన్నిటికన్నా గట్టిది. "మన పిల్లలకు మన చోటే ఉంటే మంచిది గదా" అని. ఈ మాట అన్న పెద్దల మీద మాకు గౌరవం ఉంది. కాని ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. సంఘం పుట్టిన కొత్తలో మసీదు పక్క గదిలో మనమే ఒక పఠనమందిరం పెట్టాము. రెండేళ్లు నడిచింది. తర్వాత పేపరువాడికి బాకీ, గదికి తాళం. ఆ తాళం మళ్లీ తీసేసరికి పుస్తకాలన్నీ చెదల పాలయ్యాయి. మళ్లీ అదే పని చేసి, మళ్లీ అదే గతి పట్టిస్తామా? ఇంకొకటి. పాళెం పిల్లవాడు, రెడ్డిగారి పిల్లవాడు, అరుంధతీవాడ పిల్లవాడు, మన పిల్లవాడు ఒకే బల్ల దగ్గర కూర్చొని చదివితే వచ్చే చదువు, మన గదిలో మనమే కూర్చుంటే రాదు. రేపు ఉద్యోగంలో, వ్యాపారంలో వాళ్లు కలిసి బతకవలసింది ఆ పిల్లలతోనే.

అందుచేత మా విన్నపం ఇది. పఠనాలయానికి అనుకున్న చందా సొమ్ముతో కొత్త గది కట్టవద్దు. ఉన్న గ్రంథాలయానికి మన కుటుంబాలను తీసుకొనిపోదాము. పిల్లలకు సభ్యత్వం డిపాజిట్టు సంఘమే కట్టాలి. అది కొద్దిపాటి సొమ్ము, మానుకున్నప్పుడు తిరిగి ఇస్తారు. వచ్చే వేసవి శిబిరానికి ప్రతి ఇంటినుంచి ఒక బిడ్డనైనా పంపాలి, తీసుకొనిపోయి తీసుకొచ్చే బాధ్యత వంతులవారీగా మనది. ఉద్యోగ పరీక్షలు రాసే యువకులకు కావలసిన పుస్తకాలు కొని గ్రంథాలయానికే విరాళంగా ఇద్దాము, అందరి పిల్లలూ చదువుతారు. చదువుకున్న కుర్రవాళ్లు వారానికొక సాయంత్రం అక్కడ కూర్చొని, ఎవరు కాగితం తెచ్చినా చదివి చెప్పాలి, దరఖాస్తు రాసిపెట్టాలి. ఏ మతంవారు తెచ్చినా సరే.

పెద్దలకూ పని ఉంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఇక్కడున్న చాలామంది కళ్లతో చూశారు. ఆ రాత్రి ఎవరి ఇంట్లో ఎవరు తలదాచుకున్నారు, ఏ మసీదు, ఏ గుడి, ఏ బడి తలుపులు తెరిచాయి, ఇవి పిల్లలకు తెలియవు. వారోత్సవాలూ ఆ నవంబరు నెలలోనే వస్తాయి. ఒక సాయంత్రం మన ముసలివాళ్లు, పాళెం ముసలివాళ్లు కలిసి కూర్చొని ఆ కథ పిల్లలకు చెప్పాలి. పుస్తకాల్లో లేని చదువు అది.

మన దీన్‌లో మొట్టమొదట వచ్చిన ఆజ్ఞ చదవమనే గదా. దానికి వయసు చెప్పలేదు, మగ ఆడ భేదం చెప్పలేదు.

చివరగా ఒక చిన్న ముచ్చట. మా ముగ్గురిలో ఒకరు పోయిన నెల మనవరాలిని గ్రంథాలయానికి తీసుకొనిపోయారు. ఆ పిల్ల బొమ్మల కథల పుస్తకం తెచ్చుకుంది. రాత్రి ఇషా నమాజు అయినాక దాదీ పక్కన కూర్చొని పైకి చదివింది. దాదీకి అక్షరం ముక్క రాదు. కథ అయిపోయినాక, "ఇంకోటి లేదా బేటీ?" అన్నదట. మరుసటి వారం దాదీయే ఆ పిల్లను తొందరపెట్టి పంపించింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక పుస్తకానికి ఇద్దరు పాఠకులు.

మా విన్నపాన్ని తీర్మానంగా ఆమోదించవలసిందిగా సభవారిని కోరుతున్నాము. ఆమోదించినా, ఆమోదించకపోయినా, ఆదివారం పొద్దున మేము ముగ్గురమూ ఆ గడప దగ్గర ఉంటాము. పిల్లలను వెంటబెట్టుకొని రండి. ఆ చెల్లెలు కూడా కూతుర్ని తీసుకొని వస్తానన్నది.